కళ్ళు మూసుకుని చదివే అమ్మాయి

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ నలుగురం కలిసి ఒక రోబో తయారు చేశాం. నీళ్ళ చెంబంత ఉంటుంది. ముఖం ఉండాల్సిన చోట చిన్న తెర, తెర మీద రెండు గుండ్రటి కళ్ళు, నుదుటి మీద కెమెరా. చదువుకునే పిల్లల ఎదురుగా బల్ల మీద కూర్చుని తోడుగా ఉండటం దాని పని. ఎదుటి మనిషి పది సెకన్లు కళ్ళు మూస్తే "నిద్ర వస్తోందా? లేచి ముఖం కడుక్కోండి" అంటుంది. ఆ గొంతు నాదే. ఆ పది సెకన్ల గడువు పెట్టిందీ నేనే.

ముందు హాస్టల్లో మా స్నేహితుల మీద ప్రయోగించాం. వాళ్ళు పుస్తకం ముందు కళ్ళు మూశారంటే నిద్రే. దానికి ఇంకో అర్థం ఉండొచ్చని మాకు తోచలేదు. మిగతా ముగ్గురికైతే తెలియదనుకోవచ్చు, నాకు ఆ సాకు కూడా లేదు. మా నాన్నగారు ద్వారకా తిరుమల దగ్గర ఒక ఊళ్ళో అర్చకులు. చిన్నప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతి ముక్కా కళ్ళు మూసుకునే అప్పజెప్పాను.

తర్వాత బయటి పిల్లల దగ్గర పెట్టి చూడమన్నారు మా గైడు సారు. మూడు రోబోలు చేసి తొమ్మిది ఇళ్ళకు తిప్పాం, ఇంటికి రెండేసి వారాలు. మా వైపు మర్యాద సంగతి చెప్పాలా? ఇంటికొచ్చిన వాళ్ళ వస్తువు బాగోలేదని ముఖం మీద ఎవరంటారు? ఎనిమిది ఇళ్ళలోనూ కాఫీ, జంతికలు, మేమిచ్చిన అభిప్రాయాల ఫారంలో ఐదుకి ఐదు. "చాలా బాగుందండీ, మావాడు తెగ చదివేస్తున్నాడండీ" అంది ఒకావిడ, బీరువా మీంచి దుమ్ము పట్టిన రోబోని దింపుతూ. ఆ ఐదులు చూసుకుని సిగ్గులేకుండా మురిసిపోయాం.

తొమ్మిదో ఇల్లు ముదినేపల్లి దాటాక, కొల్లేటి వైపు. వరి పండించుకునే కుటుంబం. ఆ ఇంటి అమ్మాయికి ఇంటర్లో ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీలో పాసైతే ఏలూరులో డిగ్రీకి పంపిస్తానని, లేకపోతే చదివింది చాలని తండ్రి తేల్చి చెప్పేశాడు. పరీక్ష ఇంకా పదిహేను రోజులుందనగా రోబోని ఇచ్చి వచ్చాం. "ఇది పక్కనుంటే ఫిజిక్స్ ఎక్కడికి పోతుందండీ" అని గొప్పలు కూడా పోయాను.

పరీక్ష ముందురోజు వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్ళాం. ఆ అమ్మాయి ఫారం నింపుతుంటే తల్లి పక్కన చేరి "అంత దూరం నుంచొచ్చారే, బాగుందని రాసెయ్" అని గొణిగింది. ఆ పిల్ల వినలేదు. ఐదుకి ఒకటి వేసి, కింద ఇలా రాసింది: "చదివింది కళ్ళు మూసుకుని చెప్పుకుంటేనే నాకు గుర్తుంటుంది. మూయగానే ఇది నిద్ర అంటోంది. భయమేసి మూయడం మానేశాను. ఇప్పుడు ఏమీ గుర్తుండటం లేదు. దయచేసి మార్చండి."

"ఆపేయకపోయావా?" అన్నాను.

"రోజూ నాలుగ్గంటలు పెట్టమన్నారు కదండీ. సరేనన్నాను కదండీ."

"చిన్నపిల్ల, ఏమీ అనుకోకండి బాబూ" అంది తల్లి.

"అయ్యో, భలేవారండీ. మార్చేస్తాం" అన్నాను.

తొమ్మిది ఫారాల మార్కులతో గీసిన గ్రాఫ్ గైడు సారు చూసి, "ఆ ఒక్కటీ తీసేయండి, మిగతాది బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. నలుగురం సరేనన్నాం. తీసేసింది నేను. రాష్ట్రస్థాయి పోటీలో మాకు మొదటి బహుమతి వచ్చింది. వాడిన ప్రతి విద్యార్థీ మెచ్చుకున్నాడని వేదికెక్కి చెప్పిందీ నేనే. మార్చాల్సింది ప్రోగ్రాములో ఒక్క లైను. బహుమతి వచ్చాక దాన్ని ముట్టుకునే ఓపిక ఎవరికుంది? ఇప్పుడది కాలేజీలో అద్దాల బీరువాలో ఉంది. స్విచ్ వేస్తే ఈనాటికీ అదే గొంతుతో అదే మాట అంటుంది.

ఏడాది తర్వాత ఏలూరులో ఒక బట్టల కొట్టుకి చొక్కా కొనుక్కుందామని వెళ్ళాను. కౌంటరు వెనక ఆ అమ్మాయి. నేను గుర్తుపట్టనట్టు తల తిప్పుకున్నాను. తనే పలకరించింది.

"బాగున్నారాండీ? నాకా పరీక్ష పోయిందండీ. ఇక్కడ చేరి ఆర్నెల్లయింది."

చొక్కా రంగు చూస్తూ నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యమేసింది. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి కాదు. ఇంకో రెండు చొక్కాలు తీసి నా ముందు పరిచింది.

"ఆవేళ నేను రాసింది చదివారాండీ?"

"చదివాం."

"మార్చారా మరి?"

"మార్చాం" అన్నాను. మర్యాద నాకు మాత్రం తెలియదా?

ఆ పిల్ల ముఖం విప్పారింది. చొక్కా మడతపెట్టి సంచిలో పెడుతూ, "పోన్లెండి, అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది, అలా రాశానని. ఇవాళ వెళ్ళి చెప్తానండీ" అంది.