వాచీ చెప్పిన నాడి
రొయ్యల మేత అమ్మే అచ్చిబాబుకి మనుషుల మాట మీద నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే పాలకొల్లు కాలవగట్టున భార్య రామతులసిని ముందు నడిపిస్తూ, మాటిమాటికీ ఆమె మణికట్టు లాక్కుని, స్మార్ట్‌వాచీ అద్దం బొటనవేలితో తుడిచి గుండె లెక్క చూస్తాడు. అంకె తగ్గితే "ఒళ్లు దాచుకుంటున్నావే" అని గద్దిస్తాడు.

మొన్న ఆమె గుండె పట్టుకుని ఆగిపోయింది. "దడగా ఉందండి. ఊపిరాడట్లేదు."

"డెబ్బై ఎనిమిదే చూపిస్తోంది. నాటకాలు మాని నడువు."

నాలుగడుగులేసి ఆమె కూలబడింది. అటుగా వెళ్తున్న చేపల అప్పాయమ్మ తట్ట దించి, ఆమె నాడి పట్టుకుని చూసింది. "గుండె పరిగెడతా ఉందండి బాబుగారూ! ఆ మిషను తప్పు చెప్తోందండి."

అతను ఇంకా అద్దమే తుడుస్తున్నాడు. రామతులసి వాచీ విప్పి అతని చేతిలో పెట్టింది.

"రేపట్నించి దీన్ని నడిపించుకోండి" అని, అప్పాయమ్మ భుజం పట్టుకుని లేచి, ఆసుపత్రికి ఆటో ఎక్కింది.