క్లెమెంటిలో ఇచ్చిన తలనీలాలు

నిన్న సాయంత్రం పాలు కొనడానికి, ఇక్కడ సింగపూర్‌లో మా క్లెమెంటి స్టేషన్ పక్కనున్న మాల్‌లోకి వెళ్తే, కింది అంతస్తులో చిన్న వేదిక కట్టి, క్యాన్సర్ పిల్లల కోసం చందాలు పోగుచేస్తూ, ఆ పిల్లలకు తోడుగా ముందుకొచ్చినవాళ్ళకు గుండ్లు గీస్తున్నారు. డబ్బా పట్టుకుని నిలబడ్డ అమ్మాయి నా బట్టతల చూసి, "అంకుల్, మీది ఆల్రెడీ డన్ లా!" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో ఆటపట్టించి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత అక్కడి బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మా పాపకు ఆరేళ్ళప్పుడు ఆ జబ్బే వచ్చింది. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు ముగించుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్తే, మందులకు జుట్టంతా ఊడిపోయిన పిల్ల, తల్లి జడ కొస గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతూ కనిపించేది. నడుము దాటే ఆ జడను, పిల్ల కోలుకుంటే తిరుమల కొండమీద ఇస్తానని నా భార్య మొక్కుకుంది. పిల్ల కోలుకోలేదు.

కొన్ని నెలలకు ఇదే మాల్‌లో ఇలాంటి వేదికే కడుతున్నారని తెలిసి, నా భార్య తన పేరిచ్చి వచ్చింది. చందా కాగితం పట్టుకుని మా బ్లాకులో గడపగడపకూ తిరిగింది. పై అంతస్తులో ఉండే మలయ్ ఆంటీ ఒక కవరు చేతిలో పెట్టి, పేరు మాత్రం రాయొద్దంది. ఇచ్చిన సంగతి అల్లాకు తెలిస్తే చాలట. పేరూ గోత్రమూ చదివించకుండా గుడిలో కొబ్బరికాయైనా కొట్టించని మా అమ్మ ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, మరి ఆ పుణ్యం ఆవిడకే చేరేదెలాగని నిజంగానే బెంగపడింది. కోడలు గుండు చేయించుకోబోతోందని తెలిశాక మాత్రం మండిపడింది.

"స్వామికి అనుకున్న జుట్టమ్మాయ్ అది! బజార్లో తీయించుకుంటావా? కొండమీదైతే మొక్కంటారు. ఇక్కడ గుండుతో తిరిగితే నా కొడుక్కేమైందని అడుగుతారు!"

నా భార్య కంచాలు సర్దుతూ, తలెత్తకుండా జవాబిచ్చింది. "పిల్ల బతికితే ఇస్తానని స్వామితో అన్నాను అత్తయ్యా. వీళ్ళను నేనేమీ అడగలేదు."

పిల్ల చివరిదాకా పట్టుకున్న ఆ జడ పోవడం నాకూ ఇష్టం లేదు.

ఆ ఆదివారం వేదిక మీద కుర్చీలో కూర్చుని, వెంట్రుక నేల రాలకూడదని ఆమె ఒళ్ళో తువ్వాలు పరచుకుంది. ఊడవడానికి వచ్చినావిడను ఆగమని సైగ చేసి, జుట్టంతా పోగుచేసి, కళ్ళకద్దుకుని, తానే సంచిలో వేసింది. రానంటే రానని ఇంట్లో భీష్మించుకున్న అమ్మ ఎప్పుడొచ్చిందో, జనంలోంచి ముందుకు వచ్చి, చిన్న డబ్బాలో కలిపి తెచ్చిన చందనం కోడలి గుండుకు రాసింది. ఇద్దరూ అక్కడే, అంతమందిలో, ఏడ్చారు.

అమ్మ వెళ్ళిపోయి చాలా కాలమైంది. నా భార్య పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు చందాల కోసం ఎవరూ మా తలుపు తట్టరు. ఫోను చూపిస్తే డబ్బు వెళ్ళిపోతుంది, ఇచ్చినవాళ్ళు ఏ దేవుణ్ణి తలచుకున్నారో వినబడదు. డబ్బా నాలాంటి ముసలివాళ్ళ కోసమే కాబోలు. నిన్న బెంచీ మీంచి లేచి, జేబులో ఉన్నదంతా అందులో వేస్తూ, ఆ తల్లీకూతుళ్ళలో ఎవరో ఒకరు ఒక్కసారి కలలో కనిపించాలని లోలోపల అడిగాను.

ఏమీ అడక్కుండా ఇవ్వడం నాకింకా చేతకాలేదు.