నిలువుగా పట్టుకోమన్నాను

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. గొంతు దిగదు, పైకీ రాదు. మొదట్లో నొప్పిగా ఉండేది. ఇప్పుడు అదీ తెలియడం మానేసింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెబుతున్నాను.

నేను అరకు దగ్గర పిల్లలకు అల్టిమేట్ ఫ్రిస్బీ నేర్పుతాను, పళ్లెంలాంటి డిస్కును ఒకరికొకరు విసిరి అందుకునే జట్టు ఆట. ఈ ఆటలో రిఫరీ ఉండడు. తప్పొప్పులు ఆడేవాళ్లే నిజాయితీగా చెప్పుకోవాలి. రోజూ పిల్లలకు ఇదే చెబుతాను. ఏ మొహంతో చెబుతున్నానో మాత్రం ఆలోచించను.

హాస్టల్లో చదివేటప్పుడు మా జట్టుకు నేను కెప్టెన్ని. ఎస్తేరుది నా పక్క మంచం. పెదబయలు అవతల కొండ మీద వాళ్లది చోడి చేను, అంటే రాగి చేను. పిట్టలను తోలడానికి చిన్నప్పటి నుంచి రాళ్లు విసిరిన చెయ్యి. డిస్కును తల మీదుగా విసిరే హ్యామర్ నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆమెకు మూడు రోజులు. డిస్కును కాస్త ఎడమకు వాల్చి వదిలేది. అది అందరి తలల మీదుగా వెళ్లి, వెల్లకిలా తిరగబడి, పరిగెత్తేవాళ్ల చేతుల్లోకి మెల్లగా దిగేది. అలా వాల్చాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వైజాగ్ పోటీలకు వెళ్లే జట్టులోకి మా హాస్టల్ నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. సెలక్షన్‌కు వారం ముందు ఎస్తేరు నా దగ్గరికి వచ్చింది.

"నా ఇసురులో ఏటైనా తప్పుంటే సెప్పవే."

"అలా వాల్సకు. నిలువుగా పట్టుకో."

"నిలువుగా ఇసిరితే బేగి పడిపోతాది కదే?"

"అలవాటైతే బాగుంటాది."

నమ్మింది. కెప్టెన్ని కదా. వారమంతా పొద్దున్నే లేచి నేను చెప్పినట్టే విసిరింది. నేను పక్కనే నిలబడి బాగుందన్నాను, ఒక్కసారి కాదు, అన్ని రోజులూ. అసూయా? భయమా? ఆ నిమిషానికి నోరు జారిందని సర్దిచెప్పుకుందామంటే, మిగిలిన ఆరు రోజుల మాటేమిటి?

సెలక్షన్ రోజు ఆమె విసిరినవన్నీ సగం దూరంలోనే నేలకు గుచ్చుకున్నాయి. నన్ను తీసుకున్నారు. ఆ ప్రయాణం వల్లే నాకు ఈ కోచ్ పని వచ్చింది. ఎస్తేరు మళ్లీ డిస్కు ముట్టుకోలేదు.

మొన్న హుకుంపేట సంతలో కనిపించింది. పసుపు కొమ్ములు అమ్ముతోంది. నన్ను చూడగానే లేచి, భర్తకు చూపించి నవ్వింది.

"ఇదే నాకు నేర్పింది. ఎంత బాగా సెప్పినా నా సెయ్యి తిరగనేదు."

నేనూ నవ్వాను. అరకిలో పసుపు కొన్నాను. అక్కడే చెప్పి ఉండవచ్చు. నోరు రాలేదు. రాలేదనడం అబద్ధం, నేనే తెరవలేదు.

ఎస్తేరు చెయ్యి మంచిది. పాడుచేసింది నేను. ఇన్నేళ్లకు ఈ రెండు ముక్కలు బయటికి అన్నాను. అన్నది ఆమెతో కాదని తెలుసు. అయినా కాస్త ఊపిరి ఆడుతోంది. అక్కడ ఎస్తేరు మాత్రం ఇంకా తన చేతినే తప్పుపడుతోంది.