కాల్చని గడ్డి

మా ఊరు కుందుర్పి వైపు. ఊరి వెనక కొండమీద బోదగడ్డి, తంగేడు పొదలు, అక్కడక్కడా చండ్రచెట్లు ఉండేవి. ఎండలు ముదరక ముందే కొండ నడుమ ఒక బండి పట్టే వెడల్పున పొదలూ గడ్డీ కొట్టేసి, నేల బోడిగా కనిపించేలా బాట తీసేవారు. అవతల నిప్పు పుడితే ఆ బాట దాటి ఇవతలికి రాకూడదని. ఊళ్ళో వాళ్ళకు అది కూలి పని. కొట్టిన గడ్డిని అక్కడే కాల్చేయాలి.

యాభైల చివర్లో వానలు లేని ఏడు అది. అప్పటికే మా కొట్టం కప్పు పీకి రెండెద్దులకూ వేసేశాం. వాటిని బతికించుకోవడం తప్ప మా నాయనకు వేరే ధ్యాస లేదు. బాట కొట్టడం అయ్యాక అడవి గార్డు అగ్గిపెట్టె తీశాడు.

"ఏమప్పా, నీకు చేతులెట్లా వస్తాయి?" అన్నాడు నాయన. "ఆడ ఎద్దులు లేయలేక పడుకోనుండాయి. ఈడ గడ్డికి అగ్గి పెడతావా?"

"నేనేమన్నా ఎద్దునా, నన్ను అదిలిస్తాండావు?"

"ఎద్దువయింటే నీకూ ఇంత ఏసిందును."

అందరూ నవ్వారు. గార్డూ నవ్వి అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. "బిరబిరా మోసుకోండప్పా. బాట మీద పరక ఉండకూడదు."

మంచి మనిషి. అతన్ని ఇప్పటికీ దణ్ణంతోనే తలుచుకుంటాను.

ఎద్దులకు బండి లాగే సత్తువ లేదు. తలమీదే మోశాం. అమ్మ ప్రతి మోపునూ కళ్ళకద్దుకుని ఎత్తుకునేది. మోయగా మిగిలింది ఆ బోడినేల మీదే కుప్పలు వేశాం. ఊరంతా అదే చేసింది. శుభ్రంగా ఉన్న చోటు అదొక్కటే మరి.

ఒక మధ్యాహ్నం అవతలి వాలున పొగ లేచింది. పచ్చికొమ్మలు పట్టుకుని బాటకు ఇవతల నిలబడ్డాం. నిప్పు అక్కడ ఆగుతుందనే నమ్మకం. బోడినేల ఉన్నచోట నిజంగానే ఆగింది. కుప్ప ఉన్నచోట దానిమీదికి ఎక్కింది, గాలికి ఇవతల పడింది. నాయన కుప్పల్ని చేతులతో ఈడుస్తున్నాడు.

"ఇడిసిపెట్టి రాయ్యా! గడ్డి పోతే పోనీ!" అమ్మ అరిచింది.

ఊరి దాకా రాలేదు, స్వామి దయ. ఆ సాయంత్రం అమ్మ దీపం పెట్టింది, నేను చేతులు జోడించాను. నాయన చేతులకు నెయ్యి రాసి ఉంది, జోడించలేకపోయాడు.

"కాల్చింటే కొండన్నా మిగిలిండేది," అన్నాడు.

ఇంటికి చేరిన మోపులు కొన్నాళ్ళు వచ్చాయి. ఆ తరవాత ఒక ఎద్దు లేవలేదు. రెండోదాన్ని రాయదుర్గం నుంచి వచ్చిన బేరగాళ్ళు తోలుకుపోయారు. అది గుమ్మం దగ్గర ఆగితే అమ్మ ఆఖరి పిడికెడు గడ్డి కళ్ళకద్దుకుని నోటికి అందించింది. నములుతూనే వాళ్ళ వెంట పోయింది.

మరుసటి ఏడు బాట కొట్టే పనికి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. కొట్టడానికి కొండమీద ఏమీ లేదు.