మేస్త్రి గారు కూర్చున్న దారి

మేస్త్రి గారు పోయారన్న కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. బోర్డు మీద వృత్తం గీస్తుంటే టేబుల్ మీద ఫోను కదిలింది. క్లాసులో నేను ఫోను ఎత్తను. ఆ రోజు ఎందుకో ఎత్తాను. అవతల పొన్నూరు రైసు మిల్లులో పనిచేసే మా స్నేహితుడు. "టీచర్ గారూ, మేస్త్రి గారు వెళ్ళిపోయారండి. పొద్దున టీ తాగి షెడ్డులో కుర్చీలో కూర్చున్నారంట. పిన్నిగారు గ్లాసు తీసుకుందామని వెళ్తే పలకలేదంట."

కుర్చీలో అనగానే సుద్ద టేబుల్ మీద పెట్టేశాను. ఆ కుర్చీ సంగతి తెలిసినవాళ్ళం నలుగురమే ఉన్నాం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన తెనాలిలో పాత జీపులు బాగుచేసే మేస్త్రి. భారీ మనిషి. తెల్లటి గడ్డం, మోచేతుల దాకా గ్రీజు. నమాజుకు వెళ్ళేటప్పుడు తప్ప ఆ గ్రీజు వదిలేది కాదు. పదకొండేళ్ళ కిందట నా స్కూటరు ఆగిపోతే తోసుకుంటూ ఆయన షెడ్డుకు వెళ్ళాను. చక్రానికి పట్టిన మట్టిని వేలితో గీరి చూసి, "కొలకలూరు కాలవ కట్ట మీద వస్తున్నావా అమ్మా?" అన్నారు. బస్సులో తోపులాట పడలేక బడికి ఆ కట్ట మీదే పోతున్నాను మరి. "తారు రోడ్డు పక్కనే ఉండగా కట్టెక్కే మనిషి నాకు కావాలి," అని నవ్వారు. అలా నేను ఆయన గుంపులో పడ్డాను.

ఏటా వరి కోతలయ్యాక, మడుల్లో మినుము పచ్చగా పరుచుకున్న రోజుల్లో, మేం మూడు రోజులు తిరుగుతాం. తెనాలి నుంచి కాలవ కట్టలూ, మురుగు కాలవల గట్లూ పట్టుకుని రేపల్లె, అక్కడి నుంచి మడ అడవుల అంచు వెంట, పర్ర దాటి, సరుగుడు తోటల ఇసుకలో బాపట్ల సముద్రం దాకా. పర్ర అంటే సముద్రపు పోటు వచ్చినప్పుడు మునిగి, పోటు తీసినప్పుడు తేలే ఉప్పునేల. తారు రోడ్డు తొక్కకూడదన్నది ఒక్కటే పందెం. ఆయన జీపు, వెనక మూడు మోటారు సైకిళ్ళు. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు, ఊళ్ళు గుర్తుండేవి. మిల్లు ఆయన పొన్నూరు, బట్టల కొట్టు ఆయన చీరాల, రొయ్యల చెరువుల ఆయన రేపల్లె. నేను తెనాలి. ఆయనదీ తెనాలే కదా అంటే, "నేను ఊరు కాదమ్మా, షెడ్డు," అనేవారు.

ఆయన ప్రయాణానికి ప్లాను వేసే తీరు ఇంకెవరికీ లేదు. కాగితం ముట్టుకోరు. బయల్దేరడానికి కొన్ని వారాల ముందు ఆదివారాలు షెడ్డులో మమ్మల్ని బండ్ల వరసలో కూర్చోబెట్టేవారు. జీపులో సీట్ల లెక్కనే ముందు ఎడమ వైపు ఆయన ఇనుప కుర్చీ, కుడివైపు నా స్టూలు, వెనక బోర్లించిన డ్రమ్ముల మీద ముగ్గురు. అందరం కళ్ళు మూసుకోవాలి. ఆయన దారి చెప్పుకుంటూ పోతారు. "కట్టెక్కాం. రెండో గేరు. కుడిపక్క తుమ్మకొమ్మ, తల వంచు." నిజం దారిలో గంట పట్టేది మాటల్లోనూ గంట పట్టాలి. మధ్యలో కళ్ళు తెరవకూడదు. ఉండుండి హాజరు వేస్తారు. "పొన్నూరూ?" "ఉన్నానండి." "చీరాలా?" "ఉన్నానండి." "రేపల్లే?" "వస్తన్నానండి." "తెనాలీ?" "ఉన్నాను." చివర ఆయనే, ఎవరూ అడక్కుండానే, "నేనున్నాలే" అనేవారు. దీన్ని ఆయన దారి కూర్చోవడం అనేవారు. అలా కూర్చోకుండా ఏ దారీ తొక్కేది లేదు.

"ఫోన్లో మ్యాపుంది కదండీ, ఈ తపస్సు ఎందుకు?" అని చీరాల మొదటి ఏడాదే అడిగాడు.

"ఫోను దారి చూపిచ్చిద్ది, నేలని చూపియ్యదు," అన్నారు.

నేను లెక్కల టీచర్ని. దయ్యాలంటూ కబుర్లు చెప్పే పిల్లల చేత ఎక్కాలు రాయించే రకం. మా ఇంట్లో ఆదివారం చర్చికి పోతాం, తక్కిన రోజుల్లో బుద్ధిగా ఉంటాం. అయినా కొన్ని చెప్పక తప్పదు. ఒకసారి కూర్చున్నప్పుడు, "చీరాలా, చైను తెగింది, ఆగు," అన్నారు. మూడు వారాల తర్వాత రేపల్లె ఇవతల మురుగు కాలవ గట్టు మీద, ఆయన ఆగమన్న ముళ్ళపొద దగ్గరే చీరాల చైను తెగింది. మరో ఏడాది మాటల మధ్యలో గొంతు తగ్గించి, "ఇక్కడెవరో అడ్డంగా నిలబడ్డారు. దిగి నడవండి," అన్నారు. వెళ్ళి చూస్తే అక్కడ కట్ట తెగి, పైన గడ్డి మాత్రం పరుపులా కమ్ముకుని ఉంది. పర్ర దాకా కూర్చున్న రోజుల్లో లేచేసరికి నా పెదాల మీద ఉప్పు తగిలేది. షెడ్డు రేకులకింద ఉక్కకు పట్టిన చెమట అనుకునేదాన్ని.

కళ్ళకు శుక్లాలు వచ్చాక ఆయన స్టీరింగు నాకిచ్చి ఎడమ సీటుకు మారారు, షెడ్డులో కుర్చీనీ ఎడమకు మార్చారు. ఆయన బరువుకు ఆ పక్క స్ప్రింగు అరిగి జీపు ఎప్పుడూ ఎడమకు ఒరిగి ఉండేది. మేం పిన్నిగారని పిలిచే ఆయన భార్య టీ తెచ్చి బానెట్టు మీద పెడితే, గ్లాసులో టీ ఒక పక్కకు ఎక్కి ఉండేది. "ఒలికేలోపు తాగండి," అని తొందరపెట్టేవారు. ఊళ్ళో అందరి స్ప్రింగులూ మార్చే మనిషి తనది మార్చుకోలేదు. అడిగితే, "నేనున్నంత కాలం ఒరుగుద్ది. తర్వాత దానికే తెలుస్తది," అనేవారు. తొందర పడేవాళ్ళను చూస్తే మాత్రం ఆయనకు మండేది. "ఆగడం రానోడికి గేర్లెందుకు?" అని కసిరేవారు. నాకు డ్రైవింగు నేర్పింది కసిరే. ఈ రోజు ఇసుకలోనైనా బురదలోనైనా నా చేతులు వణకడం లేదంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఈ జనవరిలో ఒక ఆదివారం షెడ్డులో చివరిసారి కూర్చున్నాం. ప్రయాణంలో రెండో రోజు దారి మాటల్లో బాగానే సాగింది. పర్ర అంచుకు వచ్చాం. హాజరు వేశారు. అందరం పలికాం. "నేనున్నాలే" అనాల్సిన చోట ఆయన ఆగిపోయారు.

"తెనాలీ, నేనిక్కడ దిగుతానమ్మా. మీరు పోనియ్యండి."

కుర్చీ కిర్రుమంది. నేను రూలు తప్పి కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకునే ఎడమ కాలు చాపి, జీపులోంచి దిగేటప్పుడు తడుముకున్నట్టు గచ్చును తడుముకుంటున్నారు. దిగి, పక్కన టైరు మీద కూర్చున్నారు. "మిగతాది నువ్వు నడుపు."

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. "సరే, దాటేశాం. బాపట్ల వచ్చేసింది. టీ తాగుదాం పదండి," అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పర్ర మాటల్లో కూడా అంత తొందరగా దాటలేమమ్మా," అన్నారు.

తర్వాత పది రోజులకు ఆ కుర్చీలోనే పోయారు. మధ్యాహ్నం నమాజయ్యాక మగవాళ్ళు తీసుకెళ్ళారు. నేను పిన్నిగారి దగ్గర ఉండిపోయాను. గుమ్మంలోంచి షెడ్డులో జీపు కనిపిస్తోంది. ఖాళీ జీపు, ఎడమకు ఒరిగి ఉంది. అరిగిన స్ప్రింగు మరి ఎలా ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈ ఏడాది వద్దనుకున్నాం. పిన్నిగారే ఒప్పుకోలేదు. "కూర్చున్న దారి వదిలేస్తే ఎట్టా? ఆయన ఊరుకుంటారా? జీపు తీసుకెళ్ళండి," అన్నారు. పొన్నూరుకు మిల్లులో సెలవు కుదరక బయల్దేరే రోజును శనివారం నుంచి శుక్రవారానికి మార్చాం. మా గుంపులో ఎవరైనా చేయగల తప్పు అక్కడ నేనే చేశాను. పోటు వేళ రోజుకు రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైచిలుకు, ఆలస్యంగా జరుగుతుంది. తిథిని పట్టి ఆ వేళ లెక్కకట్టడం మేస్త్రి గారు నాకు వేళ్ళ మీద నేర్పారు. ఆదివారం పర్ర దాటాలని లెక్క కట్టిన వేళనే, ప్రయాణం ఒక రోజు ముందుకు జరిగినా అలాగే ఉంచేశాను, శనివారం పోటు ఆ మేరకు ముందే వచ్చేస్తుందని తట్టలేదు. లెక్కల టీచర్ని.

మొదటి రోజు కట్టల మీదే సాగాం. రేపల్లె వాళ్ళింట్లో పడుకుని పొద్దున్నే కదిలాం. ఎడమ సీటులో నీళ్ళ క్యాను కూడా పెట్టలేదు, మనసొప్పలేదు. ఒకచోట పొన్నూరు బండి పక్కకు తెచ్చి, "టీచర్ గారూ, జీపింకా ఎడమకే ఒరిగి ఉందండి," అన్నాడు.

"స్ప్రింగు అరిగిందండి," అన్నాను.

"గుంటలో పడ్డప్పుడు కూడా ఆ పక్కే నిదానంగా లేస్తందండి. మనిషున్నట్టు."

ఆ సంగతి స్టీరింగు పట్టుకున్న నాకు తెనాలి దాటకముందే తెలుసు.

మధ్యాహ్నం రెండున్నరకు పర్ర అంచుకు చేరాం. ఎండలో బురద అద్దంలా మెరుస్తోంది. అవతల సన్నటి గీతలా సరుగుడు తోట. కొంగలు కూడా లేవు. గాలి ఆగిపోయింది. నా లెక్క ప్రకారం పోటు మూడున్నరకు మొదలవ్వాలి. దాటడానికి అరగంట చాలు.

"ఇంకా గంట టైముంది. పోనిద్దామండి," అన్నాడు చీరాల, కిక్కు మీద కాలు పెట్టి.

నాకూ పోనివ్వాలనే ఉంది. అక్కడ నిలబడబుద్ధి కాలేదు. క్లచ్చు తొక్కాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈ ముక్క మేం కూర్చోలేదు. ఆయన దిగిపోయారు, నేను ఒక్క మాటలో దాటించేశాను.

"ఇంజన్లు ఆపండి," అన్నాను.

"ఇక్కడా?"

"ఇక్కడే. కూర్చుందాం. అరగంటకు అరగంట."

చీరాల ఏదో గొణిగాడు గానీ ఆపేశాడు. కళ్ళు మూసుకున్నాను. స్టీరింగు మీద చేతులు పెట్టి, ఆయన చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. "దిగాం. మొదటి గేరు. నేల గట్టిగానే ఉంది. బ్రేకు ముట్టుకోవద్దు." చాలాసేపయ్యాక, సగం దూరం వచ్చామనిపించిన చోట హాజరు వేశాను.

"పొన్నూరూ?"

"ఉన్నానండి."

"చీరాలా?"

"ఉన్నా."

"రేపల్లే?"

"వస్తన్నానండి."

"తెనాలి ఉంది," అన్నాను. అలవాటు కొద్దీ ఆగాను, ఆ చివరి మాట కోసం. ఎవరూ పలకలేదు. ఎడమ సీటు మాత్రం కిర్రుమంది. జీపు ఆ పక్క మెల్లగా, ఒక భారీ మనిషి దిగుతున్నప్పుడు ఎలా లేస్తుందో అలాగే లేచి, నిలబడింది. నేను కళ్ళు తెరవలేదు. మధ్యలో తెరవకూడదన్నది ఆయన రూలు. ఈసారి తప్పలేదు.

"టీచర్ గారూ," అన్నాడు రేపల్లె. "నీళ్ళండి."

తెరిచాను. పర్ర మధ్యలో, మాటల్లో మేం ఆ నిమిషానికి ఎక్కడున్నామో సరిగ్గా అక్కడ, గోధుమరంగు నీళ్ళు చప్పుడు లేకుండా పరుచుకుంటున్నాయి. పది నిమిషాల్లో దారి మాయమైంది. చీరాల బండి దిగి బురదలో కూలబడ్డాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. చేతులతో మొహం కప్పుకున్నాడు.

అక్కడి నుంచి తారు రోడ్డు మీదే బాపట్ల వెళ్ళాం. పందెం ఓడిపోయాం. ఆయన ఉంటే వారం రోజులు దెప్పేవారు. ఆ దెప్పుడు వినాలని ఉందని రోడ్డు పొడుగునా ఏడ్చాను. అరగంట ఆగడం నేర్పినందుకు ఆయనకు ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. చివరి ఆదివారం వెటకారం చేశాను. ఆ పర్ర ఏ రోజు కోసం నన్ను నడపమన్నారో నాకిప్పుడు తెలుసు.

జీపు తెనాలి తెచ్చి షెడ్డులో పెట్టాను. పిన్నిగారు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"స్ప్రింగు మార్పిచ్చావా అమ్మా?"

"లేదు పిన్నీ."

ఆమె లోపలికి వెళ్ళి టీ తెచ్చి, ఎప్పటి అలవాటు ప్రకారం గ్లాసు బానెట్టు మీద పెట్టారు. నేనూ ఎప్పటి అలవాటు ప్రకారం, ఒలికేలోపు అందుకోబోయాను. టీ గ్లాసు అంచుకు సమానంగా, ఏ పక్కకూ ఎక్కకుండా నిలబడి ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ, చల్లారేదాకా అక్కడే నిలబడ్డాం.