రెండు పక్షాల వకీలు

వానలో తడిసిన నల్లకోటును కుర్చీ వెనక ఆరేస్తే వచ్చే ముతక వాసనకు మా సీనియర్ గ్రేసమ్మగారు గుర్తొస్తారు. నెల్లూరు కోర్టులో నేను ఆమె దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో అల్లూరు వైపు నుంచి పోలయ్య అనే మత్స్యకారుడు వచ్చాడు. పడవలు వెళ్ళే కాలువకు అడ్డంగా రొయ్యల చెరువు కట్ట వేశారని అతను దావా వేశాడు. అది నడుస్తుండగానే అతని వకీలు రామ్మోహన్‌గారు తప్పుకుని, కొన్నాళ్ళకు అదే దావాలో చెరువు యజమాని తరఫున నిలబడ్డారు.

"నా గుట్టంతా ఆయనకే చెప్పుకున్నా మేడమ్. ఇప్పుడు దాన్నే నా మీదికి తిప్పినాడు," అన్నాడు పోలయ్య.

తోటి వకీలు మీద ఫిర్యాదు రాయడానికి కోర్టులో ఎవరూ ఒప్పుకోలేదట. రామ్మోహన్‌గారు గ్రేసమ్మగారితో కలిసి లా చదివినవారు, ఆమె తండ్రి పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టినవారు. ఆమె ముందు ఆయన గదికే వెళ్ళి, ఆ కేసు వదులుకోమని అడిగారు. ఆయన నవ్వి మాట మార్చారు. ఆ సాయంత్రమే ఆమె బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసి పోలయ్యచేత సంతకం పెట్టించారు.

నాకు భయమేసింది. మనలో మనం సర్దుకోవచ్చు కదా అన్నాను.

"వకీళ్ళ తప్పు విచారించే పని చట్టం వకీళ్ళకే ఇచ్చిందమ్మా. మనమే నోరు మూసుకుంటే పోలయ్య ఇంకెవరికి చెప్పుకోవాల?"

ఆ తర్వాత చాలాకాలం బార్ రూములో ఆమె పక్క కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే వచ్చి, పలకరించినవాళ్ళతో మాట్లాడి, టీ తాగి వెళ్ళేవారు. క్రమశిక్షణ కమిటీ ఇరువైపులా విని, రామ్మోహన్‌గారిని కొంతకాలం ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేసింది. పోలయ్య దావాను ఆమే నడిపి గెలిపించారు. కాలువ తెరుచుకుంది.

రామ్మోహన్‌గారి క్లయింట్లు కొందరు ఫైళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఒక్కటీ తీసుకోక, వేరే వకీళ్ళ పేర్లు చెప్పి పంపారు. "ఇవి పట్టుకుంటే, నేను ఫిర్యాదు వీటికోసమే రాసినట్టవుతుంది," అన్నారు నాతో.

సస్పెన్షన్ గడువు తీరి రామ్మోహన్‌గారు బార్ రూముకు తిరిగొచ్చిన రోజు ఎవరూ తలెత్తలేదు. ఆమె లేచి, "రండి రామ్మోహన్‌గారూ, ఇట్ట కూర్చోండి," అన్నారు. ఆయన కూర్చోలేదు. ఆమె పోయేదాకా ఆమెతో మాట్లాడనూ లేదు. అది ఆమెను బాధించింది. అయినా ఫిర్యాదు రాసి తప్పు చేశానని ఏనాడూ అనలేదు.

పోయిన నెల ముత్తుకూరు నుంచి ఒకావిడ, రోజూ నాతో కలిసి భోంచేసే వకీలు మీద ఫిర్యాదు రాసివ్వమని వచ్చింది. ముందు అతని దగ్గరికే వెళ్ళి, ఆవిడ చెప్పింది నిజమేనా అని అడిగాను. మనలో మనం సర్దుకుందాం అన్నాడు. ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసి, ఆవిడచేత సంతకం పెట్టించాను.