మార్జిన్ ఖాళీగా ఉంటే పుస్తకం తీసుకోని వదిన

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కొట్టు వదిన పోయిందన్న కబురు పోయిన నెలలో నా ఫోన్లోకి వచ్చేసరికే, దాని కింద ఊరంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టేసి ఉంది. ఇంకొకటి నేను పెడితే ఏమిటి, పెట్టకపోతే ఏమిటి? పైగా సంతాపాలంటే వదినకు గిట్టదు. "పోయినోళ్ళు తిరిగి జవాబు సెప్పలేరు కదా మరిదీ, అందుకే అందరికీ అంత ధైర్యం" అనేది. ఆ మాటకు జడిసే ఇన్నాళ్ళూ ఆగాను. ఇప్పుడు రాయక తప్పని పని పడింది. అదేమిటో చెబుతాను గాని కాస్త ఓపిక పట్టండి. తిన్నగా చెప్పడం నాకు చేతకాదు.

వదినంటే పిలుపు వరసే, చుట్టరికం లేదు. చీపురుపల్లిలో స్టేషనుకెళ్ళే దారిలో వాళ్ళది కిరాణా కొట్టు, ఎదురుగా నాది సైకిల్ షాపు. ఆవిడ పదో తరగతి తప్పింది. నేను తప్పడానికి అంతవరకు వెళ్ళనేలేదు.

పొట్లాలు కట్టడానికి ఆ కొట్లో పాత పుస్తకాలు తూకానికి కొనేవారు. వదిన కాగితం చింపేది, చదివేది, అప్పుడు పొట్లం కట్టేది. బేరానికి వచ్చినవాళ్ళు గొణుక్కునేవారు. ఒక సంత రోజున ఒకామెకు ధనియాలు కట్టి ఇచ్చాక, కాగితం రెండో వైపు చదవలేదని గుర్తొచ్చింది. అందమైన వస్తువు మీద హక్కు ఎవరిది, చేసినవాడిదా కొన్నవాడిదా అని ఎవరో పెద్దమనిషి వేసిన ప్రశ్న ఒక వైపుంది. జవాబు రెండో వైపుంది. వదిన కౌంటరు దిగి, చెప్పుల్లేకుండా సంత జనంలో పడి ఆమెను పట్టుకుంది. "ధనియాలు నీయి, కాయితం నాది" అని ఆమె కొంగులో ధనియాలు కుమ్మరించి కాగితం వెనక్కి తెచ్చుకుంది. తీరా చదివితే జవాబు నచ్చలేదు. అన్నం మెతుకులతో ఆ పేజీని మళ్ళీ పుస్తకంలో అంటించి, మార్జిన్‌లో పెన్సిల్‌తో "తప్పు" అని రాసింది. ఆ పేజీ ఇప్పటికీ కాస్త ధనియాల వాసన వేస్తుంది.

అప్పటినుంచి బెల్లం డబ్బాల వెనక రెండు అరలు పుస్తకాలకు వచ్చాయి. కళ అంటే ఏమిటి, మనిషికి కొత్త ఊహ ఎలా తోస్తుంది, సమాజం ఎవరి కోసం నడుస్తోంది, ఇలాంటివి అరల్లోకి వెళ్ళేవి. మిగతావి పొట్లాలకు పోయేవి. మంచి మంచి కథల పుస్తకాల్లో ఈ ఊరు అటుకులు తింది. అందుకు వదినను నేను క్షమించలేదు.

అడిగినవాళ్ళకల్లా పుస్తకం ఇచ్చేది. షరతు ఒకటే. ఎక్కడో ఒకచోట రాసినవాడితో పేచీ పెట్టుకోవాలి, ఆ పేచీని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయాలి. రాయకుండా తెస్తే తీసుకోదు.

నాకా సంగతి తెలియక మొదటి పుస్తకాన్ని అట్టవేసి, గ్రీజు మరక పడకుండా, గొప్పగా పట్టుకెళ్ళి ఇచ్చాను. వదిన పేజీలు తిరగేసింది.

"కడిగిన కంచంలాగ తెచ్చేవు. ఇందల తిన్నావని నేనెలా నమ్మాలి?" అని నా చేతిలోనే పెట్టేసింది.

రోషం వచ్చింది. కొత్తది సృష్టించే శక్తి ఏ కొద్దిమందికో పుట్టుకతో వస్తుందని అందులో ఒక ముక్క ఉంది. దాని పక్కన "ఈయన చక్రం బెండు తీసి ఎరగడు" అని రాశాను. మీకు తెలుసో తెలియదో, బెండు తీసేటప్పుడు ఏ స్పోకు పుల్ల ఎంత బిగించాలో ఎవరూ నేర్పరు. చక్రం తిప్పి, చప్పుడు విని, చెయ్యి తనంతట తాను కనిపెట్టాలి. వదిన చదివి నవ్వలేదు. "ఇప్పుడు సదివేవు" అంది, రెండో పుస్తకం ఇచ్చింది.

ఆ జబ్బు ఎంత ముదిరిందంటే, ఒకసారి టైర్ల కోసం విజయనగరం వెళ్తూ రైల్లో పుస్తకంతో తగువులో పడ్డాను. తలెత్తి చూస్తే విజయనగరం దాటిపోయి కొత్తవలస. షాపు మూసుకుని పోయినవాణ్ణి టైర్లు లేకుండా తిరిగొచ్చి, వదినతో మొరపెట్టుకుంటే అయ్యో అనలేదు. "అంత దూరం పోయేవు కదా, ఏటి రాసేవో సూపించు" అంది.

మా ఇద్దరికీ తెగని తగువు ఒకటుంది. మనిషి ఒంటరిగా ఏదీ కనిపెట్టడని, పక్కవాడి మాటకు ఎదురు చెప్పబోయి కనిపెడతాడని ఆవిడ వాదం. నేను ఒప్పుకోలేదు. వదినా, ఇప్పటికీ ఒప్పుకోను. మధ్యాహ్నం ఎండలో చక్రం ముందు కూర్చున్నవాడికి పక్కన ఎవరున్నారు? ఈ వ్యాసం మార్జిన్ ఖాళీగా లేదని నీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఊళ్ళో కొత్తగా ఒక పఠన మందిరం కట్టారు. దాని కమిటీ కార్యదర్శి వచ్చి వదిన కొడుకుతో మాట్లాడాడు. పుస్తకాలు తీసుకుంటారట, గదికి ఆవిడ పేరు పెడతారట, కాకపోతే ఆ పిచ్చిరాతలన్నీ చెరిపి ఇవ్వాలట. నమూనాకు ఒక పుస్తకం కూడా పట్టుకెళ్ళాడు. ఇళ్ళలో ఉన్నవాటిని కూడా చెరిపి తెచ్చివ్వమని ఊరందరికీ ఫోన్లో కబురు పంపాడు.

నేను వెళ్ళేసరికి కొడుకు కౌంటరు మీద రబ్బర్ల పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు.

"అమ్మ పేరు బోర్డు మీదుంటాది సిన్నాన్నా. గీతలే కదా" అన్నాడు.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక పుస్తకం తీసి, ఒక పేజీ చూపించి, పైకి చదవమన్నాను. తీరికున్న సమాజంలోనే కళ పుడుతుందని అచ్చులో ఉంది. దాని పక్కన గోనెల మిల్లులో పనిచేసే ఒకాయన రాత: "నాకు ఆదివారమొకటే తీరిక. పాట మిగతా ఆరు దినాలు వస్తాది." దాని కింద వదిన రాత: "మరి నీ తీరిక ఎవడట్టుకుపోయేడో అది కూడా రాయి."

కొడుకు చదివాడు. ఎవరో మినప్పప్పు అడిగితే తూచడానికి లేచాడు. రబ్బర్ల పెట్టె మాత్రం కౌంటరు మీదే విప్పి ఉంది.

అందుకని మీతో చెబుతున్నాను. ఆలోచనలన్నీ ఎక్కడో పెద్ద ఊళ్ళలో తయారై మన స్టేషన్లో పార్సిలుగా దిగుతాయని, విప్పి చదివి నోరు మూసుకోవడమే మన వంతని అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదని ఈ ఊరు పెన్సిల్‌తో రాసిపెట్టింది. రాసినవాళ్ళు బస్తాలు మోసినవాళ్ళు, చోళ్ళు దంచినవాళ్ళు, సైకిళ్ళు బాగుచేసినవాళ్ళు. వదిన పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఒక్క అక్షరం చెరపకండి. బోర్డు లేకపోతే లేకపోయింది.

మొన్న గురువారం కార్యదర్శి నమూనా పుస్తకం తిరిగి తెచ్చాడు. నేను అక్కడే చక్కెర కొంటున్నాను. రబ్బర్ల పెట్టె మళ్ళీ అమ్మకానికి పలకల పక్కన అరలోకి చేరింది. కొడుకు పుస్తకం అందుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా తిరగేశాడు.

"ఇందల మీరు రాసిందేదండీ?"

తానేమీ రాయలేదని, జాగ్రత్తగా చదివి తెచ్చానని ఆయన చెప్పాడు.

"అయితే తీసుకోమండి" అని కొడుకు పుస్తకం వెనక్కిచ్చాడు.

ఆయన జేబులోంచి పెన్ను తీయబోయాడు. పెన్ను కాదండి, పెన్సిల్ అన్నాడు కొడుకు. కార్యదర్శి పెన్సిలొకటి కొనుక్కుని, పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయాడు.